ముందు సరుకు, తర్వాత వేలు

గోదాములో ఆమెను ఎదురుగా మేడం అంటారు, పక్కకు తిరిగి భూతద్దం అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా ఏమీ అనదు, పేరు తగినదే మరి. పెట్టె మీద అంటించిన చీటీ ఒక వెంట్రుక పక్కకు జరిగినా ఎందుకు జరిగిందని అడిగే మనిషి ఆమె. వెయ్యి పెట్టెలొస్తే వెయ్యీ సరిపోయాయని సంతోషించదు, ఇంత చక్కగా ఎలా సరిపోయాయబ్బా అని మళ్ళీ మొదటినుంచీ లెక్కపెడుతుంది. భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పనివాడు. "ఊరందరికీ చూపు పెంచే అద్దాలు ఉన్నాయి గానీ, మా ఆవిడకి చూపు తగ్గించే అద్దం ఇంకా రాలేదండీ" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు.

అలాంటి మనిషిని బుధవారం పొద్దున మేనేజరు తన గదిలోకి పిలిచాడు. వెళ్ళేసరికి అక్కడ ఆమె మరిది నిలబడి ఉన్నాడు. మందుల లారీ నడుపుతాడు అతను. ఉండేది వీళ్ళింట్లోనే, ముందు గదిలో. ఇద్దరూ ఒకే చోట పనిచేస్తారని కాదు, అతని బండి వారానికి రెండు మూడుసార్లు ఈ గోదాముకు సరుకు తెస్తుంది. ఇంట్లో వదినా అంటాడు, ఇక్కడ అందరిలాగే మేడం అంటాడు. మేనేజరు బల్లకు ఇవతల గొలుసు కంపెనీ తనిఖీ అమ్మాయి కూర్చుని తెర మీద ఏదో గీత చూపిస్తోంది.

గొలుసు అన్నది హమాలీలు పెట్టిన పేరు. అసలు పేరు బ్లాక్‌చెయిన్. మందు తయారైన చోటి నుంచి ఆస్పత్రి అలమారా దాకా సరుకు ఎన్ని చేతులు మారితే అన్ని లంకెలు. పుచ్చుకున్నవాళ్ళు తమ ఫోనులో తమ వేలు నొక్కాలి. నొక్కిన మరుక్షణం అది మందుల కంపెనీ దగ్గరా, లారీల వాళ్ళ దగ్గరా, గోదాములోనూ, ఆస్పత్రిలోనూ ఒకేలా పడుతుంది. ఒకడు తన దగ్గర దిద్దుకుందామన్నా మిగతావాళ్ళ దగ్గరున్నవి ఒప్పుకోవు. కొట్టివేతలు లేవు, రబ్బరు లేదు. తప్పు రాశామనుకుంటే కింద ఇంకో లంకె చేర్చుకోవడమే. మూడేళ్ళ కిందట అది వచ్చినప్పుడు గోదామంతా తిట్టుకుంటే ఆమె ఒక్కతే మురిసిపోయింది. ఎవరినీ నమ్మకుండా బతికేందుకు ఇన్నాళ్ళకు ఒక యంత్రం దొరికిందని.

"మంగళవారం వచ్చిన షుగరు ఇంజెక్షన్ల సరుకు, నాలుగు ప్యాలెట్ల నిండా పెట్టెలు" అంది తనిఖీ అమ్మాయి. "ప్రతి ప్యాలెట్‌కీ కట్టిన బిళ్ళ నిమిషానికోసారి చల్లదనం రాసుకుంటుంది కదండీ. అయిదు డిగ్రీల దగ్గర ఉన్నది, ఒంటిగంటా నాలుగు నిమిషాలకి ఎక్కడం మొదలైంది. ఒకటీ నలభై మూడుకి పంతొమ్మిది. ఆ మందు ఇక పనికిరాదు."

"ఆ టైములో సరుకు ఎవరి చేతిలో ఉంది?" అన్నాడు మేనేజరు, తెలిసిన సంగతే పదిమందిలో చెప్పించడానికి అడిగినట్టు.

"డ్రైవరుగారి చేతిలో. మేడం దించుకున్నట్టు వేలు నొక్కింది ఒకటీ నలభై ఆరుకి."

మరిది రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. "దారిలో ఎక్కడా ఆపలేదండీ. చల్లమిషను ఒక్క నిమిషం ఆగలేదు" అన్నాడు. అని వదిన వైపు చూశాడు. ఆమె తెర మీద గీతను చూస్తోంది. అతను ఇంకాసేపు అలాగే చూశాడు. ఆమె ముఖం ఎత్తేసరికి తల దించుకుని, "నాకు తెలిసింది అంతేనండీ" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే అనుకుంది ఆమె. తప్పు లేనివాడు తన వైపు ఎందుకు చూడాలి? వదిన కదా, అడ్డం పడుతుందని చూశాడు.

శనివారం పన్నెండింటిదాకా గడువు అంది అమ్మాయి. అప్పటికి ఇంకో సాక్ష్యం ఏదీ రాకపోతే తప్పు డ్రైవరుదని లంకె పడుతుంది. పడితే ఇక చెరగదు. గొలుసులో ఉన్న ఏ కంపెనీ ఇతని పేరు కొట్టి చూసినా మొదట అదే కనిపిస్తుంది. ఈ రోజుల్లో గొలుసులో లేని కంపెనీ ఏది? చేతిలో లైసెన్సు ఉన్నా, పదమూడేళ్ళు బండి నడిపినా, ఇక ఒక్కడూ తాళం చేతికివ్వడు. అంతా తేలేదాకా లారీల వాళ్ళ తరఫున తాళాలు తీసుకోవడానికి మేనేజరు చెయ్యి చాపాడు. మరిది జేబులోంచి లారీ తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు, చప్పుడు కాకుండా.

ఆ సాయంత్రం ఇంట్లో ముగ్గురూ అన్నాలకు కూర్చున్నారు. మరిది తలెత్తకుండా తింటున్నాడు. మామూలుగా అతను తింటూ ఉంటే రోడ్డు మీద చూసిన ప్రతి ఎద్దు గురించీ, ప్రతి పోలీసు గురించీ వినాల్సిందే. ఆమె వడ్డిస్తూ అతని మెడ వైపు చూసింది. చెవుల పైన నున్నగా కత్తిరించిన జుట్టు. మంగళవారం ఇంటికి వచ్చినప్పుడే చూసింది అది, అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టించుకుంది. గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బడి పక్కన, గోదాముకు వచ్చే రోడ్డు మీదే ఉంది అతను వెళ్ళే మంగలి దుకాణం, బండి ఆపుకునే చోటు కూడా ఉంటుంది. బండి ఎండలో పెట్టి, డీజిలు మిగులుతుందని మిషను కట్టేసి, ఈయనగారు లోపల కుర్చీలో మెడ వంచుకుని కూర్చున్నాడన్నమాట. నలభై నిమిషాలు. క్షవరానికి సరిగ్గా సరిపోతుంది.

"మంగళవారం క్షవరం ఎప్పుడు చేయించుకున్నావయ్యా?"

"ఎందుకు వదినా?"

"ఊరికే. బాగుంది."

భర్త ఫక్కున నవ్వాడు. "ఒరేయ్, జాగ్రత్తరా. ఇరవై ఏళ్ళలో నా జుట్టు బాగుందని ఒక్కసారి అనలేదు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, మీ వదిన పట్టేట్టుంది."

ఎవరూ నవ్వకపోయేసరికి అతనూ ఆపేశాడు. ఆమె గిన్నె కింద పెట్టింది. "చూడు బాబూ, దాస్తే దాగే రోజులు కావివి. ఆ రోజు ఏం జరిగిందో నాకు చెప్పు. తప్పో ఒప్పో, ఇంట్లో మనిషికి చెప్పుకుంటే ఏదో దారి దొరుకుతుంది."

అతను అప్పుడు తలెత్తాడు. కోపం కాదు, ఇంకేదో ఉంది ఆ చూపులో, ఆమెకు అర్థం కాలేదు. "నీకు తెలియనిదేముంది వదినా" అని, కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచాడు.

ఎంత పొగరు! ఒళ్ళు మండిపోయింది ఆమెకు. చేసిందంతా చేసి పైపెచ్చు ఎత్తిపొడుపొకటి. సగం అన్నం అలాగే వదిలేశాడన్నది కూడా ఆ మంటలో కనిపించలేదు.

గురువారం పొద్దున అతను స్నానానికి వెళ్ళాడు. ఆమె ముందు గదిలోకి వెళ్ళి మేకుకు తగిలించిన అతని సంచీ దించింది. తువ్వాలు, దువ్వెన, స్క్రూడ్రైవరు, విప్పని బిస్కట్ల పొట్లం, చెమట కంపు కొడుతున్న చొక్కా. అడుగున మడిచి పెట్టిన దుప్పటి, దానికి సిమెంటు దుమ్ము. బండి పడక మీద పరుచుకునే దుప్పటికి సిమెంటు ఎక్కడిది? ఎక్కడో ఆపి కింద పడుకున్నాడు కూడా కాబోలు. దుప్పటి దులుపుతూ ఉండగా వెనక నీళ్ళు కారుతున్న చప్పుడైంది. మరిది గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"చార్జరు కోసం చూస్తున్నా" అంది ఆమె.

"ఎడమ పక్క జేబులో ఉంది వదినా" అన్నాడు. అని పక్కకు తప్పుకుని, ఆమె బయటికి వెళ్ళేదాకా నిలబడ్డాడు. చార్జరు తీసుకోవడం ఆమె మరిచిపోయింది.

గోదాములో పని ఎప్పటిలాగే నడుస్తోంది. బయట లారీలు వెనక్కొచ్చి ఆగే అరుగును అందరూ వాకిలి అంటారు. పైన రేకు, మూడు వైపులా ఎండ. వాకిలి దాటితే మందపాటి ప్లాస్టిక్ పట్టీల తెర, తెర వెనక చలిగది. హమాలీలు దూది కోట్లు, చేతి తొడుగులు వేసుకుని లోపలికీ బయటికీ తిరుగుతుంటారు, సగం ఒళ్ళు చెమట, సగం ఒళ్ళు చలి. పక్కనే గాజుగదిలో ఆమె కుర్చీ. ఆ రోజు ఆమె కుర్చీలో కూర్చోకుండా తిన్నగా హమాలీ మేస్త్రీ దగ్గరికి వెళ్ళింది.

"మేస్త్రీ, మంగళవారం ఆ ఇంజెక్షన్ల పెట్టెలు ముట్టుకుంటే వెచ్చగా అనిపించలేదా?"

"చేతులకి తొడుగులు కదా మేడం."

"బండి తలుపు తీసినప్పుడు చల్లగాలి కొట్టిందా?"

మేస్త్రీ తొడుగు తీసి అరచెయ్యి గోక్కున్నాడు. "కొట్టింది మేడం. అంటే, కొట్టినట్టే ఉంది."

"కొట్టిందా, కొట్టినట్టుందా?"

"మేడం, మీరు తవ్వితే నీళ్ళు పడతాయో లేదో గానీ మా కొంపలు మాత్రం కూలతాయి" అని, అవతల ఎవడో పిలిచినట్టు వెళ్ళిపోయాడు. ఎవడూ పిలవలేదు. ఓహో, వీడికీ తెలుసన్నమాట అనుకుంది ఆమె. మరిదీ మేస్త్రీ కలిసి బీడీలు కాల్చుకోవడం చాలాసార్లు చూసింది. ఇద్దరూ ఒక మాట మీద ఉన్నారు.

అంతలో పసిపిల్లల టీకాల బండి వచ్చింది. డ్రైవరు తలుపు తీశాడు, ఫోర్కు బండి రొద చేస్తూ పెట్టెలు పేర్చిన చెక్క ప్యాలెట్లు ఎత్తుకుని తెర లోపలికి పోయింది. పావుగంటకు మేస్త్రీ కేక వేశాడు, "అయిపోయింది మేడం!" ఆమె అప్పుడు లేచి, చెప్పులు వేసుకుని వాకిట్లోకి వచ్చింది. డ్రైవరు ఫోను చాపాడు. దాని మీది కోడుకు తన ఫోను చూపించి వేలు నొక్కింది, దించుకున్నట్టు. రెండడుగులు వేసి చలిగది తలుపు మీద కోడుకు ఇంకోసారి నొక్కింది, గదిలో పెట్టినట్టు. దించుకున్న దగ్గర్నుంచి గది దాకా ఒక నిమిషం. ఫోను తెర మీద పచ్చచుక్క వెలిగింది.

దించుకున్న ఇరవై నిమిషాల్లో సరుకు చలిగది చేరాలన్నది గొలుసు నియమం. దాటితే ఎరుపు. మొదటి నెలలో మూడు ఎరుపులు పడి మేనేజరు చేత నానా చీవాట్లు తిన్నాక, ఆమే ఆలోచించి ఈ పద్ధతి పెట్టింది. ముందు సరుకు, తర్వాత వేలు. సరుకంతా లోపలికి చేరాకే దించుకున్నట్టు నొక్కడం. అబద్ధం ఏముంది ఇందులో, పావుగంట తేడా. ఆ తర్వాత ఒక్క ఎరుపు లేదు. మూడేళ్ళు వరసగా పచ్చ. పై ఆఫీసువాళ్ళు గోడకు తగిలించమని ఒక పటం కూడా పంపారు. ఇప్పుడు ఆ పద్ధతిని ఎవరూ పద్ధతి అనుకోరు, చెప్పులేసుకుని బయటికి రావడం ఎలాగో అదీ అంతే.

శుక్రవారం భోజనాల వేళ ఆమె తినకుండా మంగలి దుకాణానికి వెళ్ళింది. ఎప్పుడూ ఆడవాళ్ళు గడప తొక్కని చోటు. కుర్చీలో సబ్బు నురగతో ఉన్న మనిషి అద్దంలోంచి ఆమెను చూసి గాభరా పడ్డాడు. మంగలి కత్తి పక్కన పెట్టాడు.

"మా మరిది మంగళవారం ఇక్కడికొచ్చాడు కదా, మధ్యాహ్నం ఒంటిగంటకి?"

"లారీ నడిపే ఆయనా? మధ్యాహ్నం కాదమ్మా. ఒంటిగంటకి నేను కొట్టు మూసి నిద్రపోతాను, నన్ను లేపే మొనగాడు ఊళ్ళో లేడు. ఆయన వచ్చింది నాలుగున్నరకి. బడి వదిలారు, పిల్లల గోలలో వచ్చాడు. బండి కూడా లేదు, నడిచే వచ్చాడు."

"నిజం చెప్పు."

"క్షవరానికి కూడా అబద్ధాలాడతామా తల్లీ!" అని నవ్వాడు. తర్వాత కాస్త తగ్గి, "ఆ రోజు మనిషి మనిషిలా లేడు లెండి. ఎప్పుడూ కత్తెర కంటే ఆయన నోరు ఎక్కువ ఆడుతుంది. ఆ రోజు ఒక్క మాట లేదు. ఏమైందని అడిగితే, మంచి సరుకు కళ్ళెదుటే పాడైపోయిందయ్యా అన్నాడు" అన్నాడు.

కళ్ళెదుటే! ఆ మాటను ఆమె వదలలేదు. నడుస్తున్నంతసేపూ అటూ ఇటూ తిప్పి చూసింది. క్షవరం కాదు సరే, మరి ఒంటిగంటా నాలుగుకి బండి ఎక్కడుంది? గొలుసుకు చేతులు మారడమే తెలుసు, దారి తెలియదు. గేటు దగ్గరికి ఎప్పుడొచ్చాడో తెలిస్తే వెనక్కి లెక్కగట్టొచ్చు. గేటు దగ్గర వాచ్‌మన్ ఒక అట్ట పుస్తకం రాస్తాడు. బండి నంబరు, గంట, నిమిషం. పెన్నులో సిరా అయిపోతే పెన్సిలుతో రాస్తాడు, మీద టీ ఒలికితే ఆరబెట్టి మళ్ళీ రాస్తాడు. గొలుసు వచ్చాక ఆ పుస్తకాన్ని ఎవరూ అడిగింది లేదు.

వాచ్‌మన్ లావుపాటి వేలు పేజీ మీద కిందికి జరిగి ఆగింది. "ఇదిగో మేడం. పన్నెండూ యాభై రెండు."

"కాదు. ఒకటీ ముప్పై అయి ఉంటుంది. సరిగ్గా చూడు."

"నాకు కళ్ళున్నాయి మేడం. పన్నెండూ యాభై రెండు. అప్పుడే నేను డబ్బా విప్పా తిందామని, హారను కొట్టాడు."

"నీ గడియారమే తప్పు."

"నా గడియారం తప్పయితే మీరు మూడేళ్ళుగా రోజూ ఆలస్యంగా వస్తున్నట్టే. మీ పేరు రాసేదీ దీన్ని చూసే."

ఆమె పేజీ పైకి చూసింది. ఆ రోజు తను వచ్చిన సమయం రాసి ఉంది, ఎనిమిదీ యాభై ఆరు. అది నిజం. దాని కింద మరిది బండి, పెన్సిలుతో. పన్నెండూ యాభై రెండు.

ఎండలో అలాగే నిలబడింది. పన్నెండూ యాభై రెండుకి గేటు దాటాడు. ఒంటిగంటా నాలుగుకి వేడెక్కడం మొదలైంది. ఒకటీ నలభై మూడుకి ఆగింది. ఒకటీ నలభై ఆరుకి తను చెప్పులేసుకుని బయటికి వచ్చింది. నాలుగు సంఖ్యలూ వరసగా పెట్టుకుంటే చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. పిల్లను చంకన పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మంగలి దుకాణం దాకా వెళ్ళి వెతికొచ్చింది. వాచ్‌మన్ తన స్టూలు ముందుకు జరిపాడు గానీ ఆమె కూర్చోలేదు.

మేస్త్రీని చలిగది తెర దగ్గర పట్టుకుంది. ఈసారి అడగలేదు, చెప్పింది. "సరుకు వాకిట్లో ఉంది. నలభై నిమిషాలు."

మేస్త్రీ ఆమె ముఖం చూసి ఇక తప్పించుకోలేదు. "ఫోర్కు బండి బ్యాటరీ పడిపోయింది మేడం. ఆఖరి ప్యాలెట్ దించాక లోపలికి ఒక్కటీ తీసుకెళ్ళకుండానే చచ్చింది. రెండో బండి వెనక గోదాములో ఉంది, తెచ్చేసరికి అంతసేపైంది. మీ మరిది గోల గోల చేశాడు, ఎండ తగులుతోందిరా అని. బండిలోంచి తన దుప్పటి తెచ్చి కప్పాడు. ఎన్ని పెట్టెలకని కప్పుతుంది దుప్పటి?"

"నన్ను పిలవాల్సింది!"

"మీరు లోపల కంటిచుక్కల మందు పెట్టెలు మూడోసారి లెక్కపెడుతున్నారు. పిలిస్తే వచ్చి వేలు నొక్కుతారు. నొక్కితే ఎరుపు. మీరే కదా మేడం నేర్పించింది."

"బుధవారం మీరెందుకు నోరు విప్పలేదు?"

మేస్త్రీ తెర పట్టీని ఒకదాన్ని పట్టుకుని మెలితిప్పాడు. "గొలుసులో మా పేరెక్కడుంది మేడం? మొయ్యడానికి ఉన్నాం గానీ నొక్కడానికి లేము. లేనివాళ్ళం నోరు విప్పితే ఉన్నవాళ్ళ తప్పంతా మెడకు చుట్టుకుంటుంది."

ఆమెకు అతని మీద కోపం తెచ్చుకోవాలనిపించింది. రాలేదు. కోపమంతా పోయి ఆగాల్సిన చోటు ఒకటే కనిపిస్తోంది, అది తన కుడిచేతి బొటనవేలు.

శనివారం పొద్దున మరిది ఎప్పుడు లేచి వెళ్ళాడో తెలియదు. తాళాలు లేకపోయినా బండ్లు నిలిపే చోటికి వెళ్ళి కూర్చుంటున్నాడని భర్త చెప్పాడు. ఆమె పదిన్నరకు మేనేజరు గదిలోకి వెళ్ళి, నిలబడే అంతా చెప్పింది. గేటు పుస్తకం పేజీకి ఫోనులో తీసిన ఫొటో చూపించింది. మేనేజరు వింటూ లేచి తలుపు వేశాడు.

"అమ్మా, ఒక్కటి అడుగుతాను. మూడేళ్ళలో ఎన్ని బండ్లు దించుకున్నారు మీరు?"

"వేలల్లో సార్."

"ఒక్కటి తప్పని రాస్తే? అన్నీ తప్పేనంటారు. ఇక్కణ్ణించి వెళ్ళిన ప్రతి సీసా మీద అనుమానం. మీ కుర్చీ పోతుంది, నాదీ పోతుంది, మేస్త్రీ పొట్టా కొడతారు." గొంతు తగ్గించాడు. "ఒక పని చేద్దాం. చల్లదనం రాసే బిళ్ళలు చెడిపోయాయని నేను రాయిస్తాను. మీ మరిది బయటపడతాడు. ఎవరికీ నష్టం లేదు."

ఒక్క క్షణం ఆమెకు ఆ మాట చల్లగా తగిలింది. నిజమే, అందరూ బతుకుతారు. ఇంటికెళ్ళి, బాబూ నీ గండం గడిచిందని చెప్పొచ్చు. ఎలా గడిచిందో చెప్పనక్కర్లేదు. కానీ పుట్టుబుద్ధి ఊరుకోదు కదా.

"నాలుగు బిళ్ళలూ ఒకే నిమిషంలో చెడి, మళ్ళీ ఒకే నిమిషంలో బాగయ్యాయా సార్?"

మేనేజరు బల్ల మీది కాగితాలు సర్దాడు.

"ఆ అమ్మాయి నమ్మదు. నమ్మకపోతే పన్నెండింటికి మా మరిది మీద లంకె పడిపోతుంది. అప్పుడు మీరు, నా ప్రయత్నం నేను చేశానమ్మా అంటారు."

"నా మాట మీద నమ్మకం లేదన్నమాట."

"నాకు ఎవరి మాట మీదా లేదు సార్. నా మాట మీద నాకుండేది, అదీ నిన్న పోయింది."

ఫోను తీసింది. పదకొండూ ఇరవై. మంగళవారం లంకె కింద కొత్త లంకె తెరిచి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. బండి పన్నెండూ యాభై రెండుకి వచ్చింది. సరుకు మా వాకిట్లో ఎండలో ఉంది. నేను ఆలస్యంగా నొక్కాను. డ్రైవరు తప్పు లేదు. చదువుకుంది. కింద బొటనవేలు గుర్తు వెలుగుతోంది. భయం వేసింది, ఇందులో దాచడానికేముంది. పదిహేనేళ్ళ ఉద్యోగం అది. ఈ కుర్చీ పోతే తన వయసుకు, తన నోటికి ఇంకెవరిస్తారు? మేనేజరు అమ్మా అన్నాడు. ఆమె నొక్కింది. అతని జేబులో ఫోను అప్పుడే టింగుమంది.

రెండు నిమిషాలకు తనిఖీ అమ్మాయి ఫోను చేసింది. "మేడం, సరుకు లోపలికెళ్ళాక నొక్కడం ఆ ఒక్కరోజేనా?"

"రోజూ."

"మూడేళ్ళూనా?"

"మూడేళ్ళూ."

"అది కూడా రాయండి మేడం" అంది అమ్మాయి, మెల్లగా. ఆమె అదీ రాసి నొక్కింది. మేనేజరు కిటికీ వైపు తిరిగి, కబురు చేసేదాకా రావొద్దన్నాడు. ఆమె గాజుగదిలోంచి తన సంచీ, కళ్ళజోడు, చలికోటు తీసుకుంది. హమాలీలు పని ఆపి చూస్తున్నారు. ఎవరూ భూతద్దం అనలేదు, మేడం అనీ అనలేదు.

బండ్లు నిలిపే మైదానం పావుగంట నడక. మరిది తన లారీ చక్రాలు కడుగుతున్నాడు, తాళం లేని బండికి. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, ఒక్కో బోల్టూ గుడ్డతో తుడుస్తున్నాడు. ఆమెను చూసి నిటారుగా నిలబడ్డాడు. మిట్టమధ్యాహ్నం, చేతిలో చలికోటుతో వదిన అక్కడికి ఎప్పుడూ రాలేదు.

"నీ మీద లంకె పడదు" అంది ఆమె. "నేను రాసేశాను. వాకిట్లో సంగతి, నా వేలి సంగతి, అన్నీ. నాకు నిన్నటిదాకా తెలియదు బాబూ. తెలియక నీ సంచీ వెతికాను, నీ మంగలి దగ్గరికి కూడా వెళ్ళాను. నువ్వు దారిలో ఆపావని నమ్మాను."

అతను గుడ్డ పిండుతూ ఆగిపోయాడు. "నిన్నటిదాకా తెలియదా?"

"ఒట్టు. గేటు పుస్తకం చూసేదాకా తెలియదు. నువ్వు వాకిట్లోనే ఉన్నావు కదయ్యా, అంతా చూశావు కదా. ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"నీకు తెలుసనుకున్నా వదినా." అతను గుడ్డ బకెట్టులో పడేశాడు. "నొక్కింది నువ్వు. నీ కన్నుగప్పి చీమ కూడా పోదు. బుధవారం మేనేజరు గదిలో నువ్వు చెప్తావని నీ వైపు చూశా. నువ్వు తెర చూస్తూ ఉండిపోయావు. సరే, కుర్చీ కాపాడుకోవడానికి నా మీద తోసేసిందిలే అనుకున్నా."

మూడు రోజులు వడ్డిస్తూ తను అతన్ని చూసినట్టే అతనూ తనను చూశాడన్నమాట. "అలా అనుకుని, నోరు మూసుకుని కూర్చున్నావా? బతుకు పోతుంటే! అడిగేయాల్సింది, నా మొహాన్నే అడిగేయాల్సింది!"

"అడుగుదామనే అనుకున్నా. అడిగితే నువ్వు తెలియదంటావు. అది అబద్ధమనుకుంటాను నేను. అబద్ధమని అనుకున్నాక ఆ ఇంట్లో నీ చేతి అన్నం ఎలా తినను వదినా? బండి పోతే పోయిందిలే, అదొక్కటైనా ఉంటుందని అడగలేదు."

ఆమె లారీ మెట్టు మీద కూలబడింది. కాసేపటికి అతను ఆమె కాళ్ళ దగ్గరున్న నీళ్ళ బకెట్టును పక్కకు జరిపి, కింది మెట్టు మీద తనూ కూర్చున్నాడు.